మగ్గెడు పిండి ఎన్ని గ్రాములు

జూన్ 3, సోమవారం

ఇవాళ రొట్టె తగిలి మా అల్లుడి కనుబొమ్మ చిట్లింది. రాయి కాదు, కర్ర కాదు, రొట్టె. రాసిపెట్టుకోకపోతే రేపటికి నాకే నమ్మబుద్ధి కాదు.

అల్లుడిలా మందుల షాపులో తూకాలు వేసుకుంటూ బతికిన మనిషి బేకరీలో అడుగుపెడితే ఇలాంటివే జరుగుతాయి. నేను ఈ వ్యాపారం పెట్టినప్పటి నుంచీ ఒకే మగ్గుతో కొలిచాను. నీలం ఎనామిల్ మగ్గు. పిండి ఇన్ని మగ్గులు, నీళ్ళు ఇన్ని మగ్గులు, చక్కెర ఇన్ని, అంతే సంగతులు. నాకు కాళ్ళు సహకరించక స్టూలు ఎక్కాక మావాడు, నా కొడుకు, అదే మగ్గు పట్టుకున్నాడు. మా అమ్మాయిని చేసుకుని ఇల్లరికం వచ్చిన అల్లుడికి అది నచ్చదు.

"మామయ్యా, మగ్గు అంటే ఎంత? రేపు ఈ మగ్గు పోతే రొట్టెలు మానేస్తారా?" అంటాడు.

ప్రశ్న మంచిదే. మంచి ప్రశ్నలు అడిగేవాళ్ళ వల్లే ఇళ్ళలో గొడవలు.

కరెంటు త్రాసు ఒకటి తెచ్చాడు. మగ్గు నిండా నీళ్ళు పోసి తూచాడు. నీళ్ళ బరువు మూడు వందల గ్రాములు తేలింది. తేలిందా, సుద్దముక్క తీసుకుని గోడమీద రాసేశాడు: మగ్గు 300. ఇక పిండికీ మూడొందలే, చక్కెరకీ మూడొందలే, నూనెకీ మూడొందలే. మగ్గు ఒకటే కదా, బరువూ ఒకటే అనుకున్నాడు పాపం. పిండిలో సగం గాలి. మగ్గెడు పిండి నూట డెబ్భై దాటితే గొప్ప. అంటే నీళ్ళు సరిగ్గా పడ్డాయి, పిండి మాత్రం దగ్గరదగ్గర రెట్టింపు పడింది. ఆ ముద్దను తిప్పలేక మిక్సరు మూలిగింది. ఓవెన్లోంచి తీస్తే అవి రొట్టెలు కావు, ఇటుకలు.

పిండి తూస్తున్నప్పుడే నాకు తెలిసింది. చెప్పలేదు. దెబ్బ తింటేనే కదా పని వచ్చేది.

మావాడు ఒక రొట్టె చేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. "బావా, ఇది తినడానికా, పునాదికా?"

"ఓవెన్ వేడి ఎక్కువైంది."

"ఓవెన్ని ఎందుకంటావు, నోరు లేదని. ఇదిగో పట్టు."

సరదాగానే విసిరాడు. అల్లుడి కంట్లోకి రక్తం కారింది. అల్లుడు రొట్టెల కర్ర తీసుకుని మావాడి భుజం మీద ఒకటి వేశాడు. మావాడు వాణ్ణి పిండి బస్తాల మీద పడేసి మోకాలితో తొక్కాడు. అమ్మాయి మధ్యలోకి వచ్చింది. కాసేపటికి గొడవ సర్దుకుంది.

కుర్రకారు. రక్తం ఉడుకు.

జూన్ 4

కుట్లు రెండు.

జూన్ 6, గురువారం

నాకో ఉపాయం తట్టింది. వీళ్ళ గొడవకు మూలం లెక్క తెలియకపోవడం. లెక్క తేలిస్తే గొడవ ఎక్కడిది? ప్రతి సరుకూ మగ్గుకు ఎంత తూగుతుందో నేనే దగ్గరుండి తూకం వేయిస్తాను. ఒక పట్టిక రాసి గోడకు అంటిస్తాను. మగ్గువాడు మగ్గుతో కొలుచుకుంటాడు, త్రాసువాడు త్రాసుతో తూచుకుంటాడు, రొట్టె మాత్రం ఒకటే వస్తుంది. దేశాల మధ్య సంధులు ఇలాగే రాసుకుంటారని ఒకసారి పొట్లం కాగితంలో చదివాను. నా చదువంతా పొట్లాల్లోదే. కథ మంచి పట్టులో ఉండగా కాగితం అయిపోయేది. యుద్ధం ఎవరు గెలిచారో ఇప్పటికీ తెలియని యుద్ధాలు నా బుర్రలో బోలెడున్నాయి.

నేను పని నేర్చుకున్న చోట యజమాని తన టోపీతో కొలిచేవాడు. నిజం. తోలు టోపీ. పిండి రెండు టోపీలు, చక్కెర ముప్పావు టోపీ. అందులో ఆయన తలనూనె వాసన కూడా ఉండేది, బిస్కెట్లకు అదో ప్రత్యేక రుచి. ఆయన పోయినప్పుడు టోపీ ఆయనతోపాటే పూడ్చేశారు. మర్నాటి నుంచి ఆ బేకరీలో ఎవరికీ పని చేతకాలేదు. అంచేత అల్లుడి ప్రశ్న మరీ తీసిపారేసేది కాదు. ఆ మాట వాడితో అనలేదు.

జూన్ 7, శుక్రవారం

తూచాం. నీళ్ళు మూడొందలు. నూనె రెండు వందల డెబ్భై ఐదు. చక్కెర రెండు వందల యాభై ఐదు. ఇక్కడిదాకా ఇద్దరూ చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు. పిండి దగ్గర వచ్చింది చిక్కు.

మావాడు మగ్గును తొట్టిలోకి గుచ్చి తీస్తాడు, పైన బొటనవేలితో అదుముతాడు. నూట తొంభై ఐదు.

అల్లుడు చెంచాతో తీసి, మంచు పడ్డట్టు రాలుస్తాడు. నూట యాభై.

"చూశారా మామయ్యా, వాడు కొలవడం లేదు, కూరుతున్నాడు."

"నువ్వు కొలుస్తున్నావా, పౌడరు అద్దుతున్నావా?"

సరే నేను చూపిస్తానని లేచాను. నా చేయి వణుకు. ఒకసారి నూట అరవై, ఒకసారి నూట ఎనభై. ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ కలిసి నవ్వడం చూసి నాకు సంతోషమే అయింది.

అంట్లు తోముతున్న అమ్మాయిని కూడా పిలిచాను, సరదాకి. చేతులు తుడుచుకుని వచ్చి మగ్గు నింపి, చాకు వీపుతో పైన గీసేసింది. నూట అరవై ఐదు. మళ్ళీ నింపమన్నాను. నూట అరవై ఐదు. మూడోసారీ అంతే. నా చేయి బాగున్న రోజుల్లో నాదీ అంతే వచ్చేదేమో. అది ఇంట్లోకి కొలుచుకునే చేయి, దాన్ని లెక్కలోకి ఎలా తీసుకుంటాం.

పట్టికలో నూట తొంభై ఐదు రాశాను. మావాడి చేయి అలవాటున్న చేయి. పక్షపాతం ఏమీ లేదు.

అల్లుడు పట్టిక చదివి త్రాసు తుడుచుకున్నాడు. అమ్మాయి చదివింది, లోపలికి వెళ్ళిపోయింది. దానికి నోట్లో నాలుక లేదు, చిన్నప్పటి నుంచీ అంతే.

జూన్ 10

నా పట్టిక చిరిగి చెత్తబుట్టలో ఉంది. మళ్ళీ రాసి అంటించాను.

జూన్ 11

మళ్ళీ.

జూన్ 13, గురువారం

అల్లుడి అరచేయి కాలింది. వేడి ట్రే.

ఎలా జరిగిందంటే, ఉదయం తూకం, సాయంత్రం మగ్గు అని నిన్న నేను తీర్పు చెప్పాను. ఉదయం రొట్టెలు మెత్తగా వచ్చాయి. దుకాణానికి వచ్చిన ఒకావిడ "ఇవాళ ఎవరు చేశారండీ, దూదిలా ఉన్నాయి" అంది. ఆవిడ అనకుండా ఉండాల్సింది. మెచ్చుకోలుకు కూడా సమయం సందర్భం ఉండాలి.

మావాడు ఓవెన్లోంచి తీసిన ట్రేని బల్లమీద పెట్టి "బావా, ఆ చేయి ఒకసారి ఇలా పెట్టు, బంగారుచేయి కదా, చూద్దాం" అని మణికట్టు పట్టుకుని నొక్కాడు. కొంచెంసేపే. వాసన వచ్చింది. అల్లుడు అరవలేదు, రెండో చేత్తో మావాడి చెవి పట్టుకుని మెలిపెట్టాడు, చెవి అడుగున చీలింది. అమ్మాయి మధ్యలోకి వచ్చింది. అమ్మాయి పెదవి పగిలింది. తలుపు తగిలి ఉంటుంది.

ముగ్గుర్నీ తీసుకుని నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు మేం పాత నేస్తాలం అయిపోయాం.

"మొన్న రొట్టె, ఇవాళ ట్రే. రేపు ఏంటి తాతా, ఓవెన్ మోసుకొస్తారా?"

"పనిచేసే చోట దెబ్బలు మామూలేనమ్మా."

"ఈ పెదవి కూడా పనిలోనేనా?" అని అమ్మాయిని అడిగింది.

అమ్మాయి నావైపు చూసింది. నేను తలుపు సంగతి చెప్పాను.

జూన్ 15

మావాడు త్రాసు నేలకేసి కొట్టాడు. అంకెలు వచ్చే అద్దం పగిలింది, త్రాసు మాత్రం పనిచేస్తూనే ఉంది.

జూన్ 16, ఆదివారం

అల్లుడు నీలం మగ్గును సుత్తితో అణగగొట్టాడు. ఎనామిల్ పెచ్చులు ఊడి నేలంతా నీలంగా రాలాయి. మావాడు ఏం చేస్తాడోనని గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. వాడు ఆ సొట్ట మగ్గు తీసుకుని నిమ్మళంగా పిండి కొలుచుకున్నాడు. రొట్టెలు బాగానే వచ్చాయి, తక్కువ వచ్చాయంతే. సరుకులన్నీ ఒకే సొట్ట మగ్గుతో కొలిస్తే సొట్ట కూడా అందరికీ సమానంగానే పంచుతుంది. ఈ విషయం మీద చాలాసేపు ఆలోచించాను. సొట్టబోయినా పద్ధతి తప్పని ఇళ్ళు ఎన్ని లేవు?

అల్లుడు బిత్తరపోయాడు. మావాడు పనంతా అయ్యాక సుత్తి ఎక్కడుందో వెతికి, అల్లుడి కాలి బొటనవేలి మీద వదిలాడు. జారిపడిందన్నాడు.

అమ్మాయి సాయంత్రం నా స్టూలు పక్కన కూర్చుంది.

"నాన్నా, నువ్వు ఒక్క మాట చెప్తే ఆగుతారు. ఓవెన్ నీది. నీ తర్వాత ఎవరిదో చెప్పెయ్. వాడిదైతే వాడిదని చెప్పు, మేం వెళ్ళిపోతాం."

"ఎక్కడికి వెళ్తారు? ఇది కొలతల గొడవ తల్లీ. కొలత కుదిరితే అంతా కుదురుతుంది."

"కొలతల గొడవా?"

"మరి?"

"వాడు ఎవణ్ణో ఒకణ్ణి చంపుతాడు నాన్నా. లేకపోతే ఈయన వాణ్ణి చంపుతాడు."

బెదురుగొడ్డు. ఓవెన్ ఎవరిదో ఇప్పుడే చెప్తే నా దగ్గరికి ఎవరొస్తారు? కాదు, అలా కాదు. ఇప్పుడే చెప్తే రెండోవాడు నొచ్చుకుంటాడు. అందుకని.

జూన్ 18

పట్టికలో పిండి దగ్గర కొట్టేసి నూట డెబ్భై రెండు అని రాశాను. ఇద్దరికీ మధ్యస్థం. ఇప్పుడు ఇద్దరికీ నామీద కోపం. పెద్దరికం అంటే ఇదే.

జూన్ 20, గురువారం

మిక్సరు బేరింగు మార్పించాం. మనిషి నడుం ఎత్తు తొట్టి, అందులో చేయంత లావు కొక్కెం తిరుగుతుంది. అడుగున అంటుకున్న పిండిని చేత్తో గీకి తీయాలి. స్విచ్చేమో అవతల స్తంభానికి ఉంది, గీకేవాడికి కనపడదు. అందుకని నేనొక కట్టడి ఏనాడో పెట్టాను. చేయి లోపల పెట్టేముందు "చెయ్యి" అని గట్టిగా చెప్పాలి. స్తంభం దగ్గరున్నవాళ్ళు "చూశాను" అనాలి. ఆ మాట వినపడ్డాకే చేయి లోపలికి వెళ్ళాలి. మళ్ళీ "తీశాను" అనేదాకా స్విచ్చు ముట్టకూడదు. ఎంత కొట్టుకున్నా వీళ్ళు ఈ కట్టడి మాత్రం తప్పలేదు. మూతి పగిలి రక్తం ఉమ్ముకుంటూ కూడా ఒకడు "చెయ్యి" అంటాడు, ఇంకొకడు "చూశాను" అంటాడు. అది విన్నప్పుడల్లా నాకు ధైర్యం. కొట్టుకునేవాళ్ళే గానీ చంపుకునేవాళ్ళు కాదు.

జూన్ 24, సోమవారం

ఉప్పు బస్తా కొత్తది వచ్చింది. ఎప్పుడూ వచ్చేది కల్లుప్పు, ఈసారి పొడి ఉప్పు పంపించాడు. కల్లుప్పు రాళ్ళ మధ్య సందులుంటాయి, పొడి ఉప్పు సందుల్లేకుండా కూర్చుంటుంది. అదే మగ్గుకు ఒకటిన్నర రెట్లు బరువు. తూచి వేసేవాడికి బాధ లేదు, మగ్గుతో వేసేవాడికే ముప్పు. మావాడు చూసుకోకుండా పాత లెక్కనే పోశాడు. అల్లుడు చూశాడు. నోరు మూసుకుని చేతికున్న కట్టు సర్దుకున్నాడు. నాకూ కనపడింది. అల్లుడు చెప్తాడులే అనుకున్నాను.

ఆ రొట్టెలు పొద్దున్నే హాస్టలుకు వెళ్తాయి.

జూన్ 25, మంగళవారం

క్లుప్తంగా రాస్తాను.

హాస్టల్లో పిల్లలు రొట్టెలు ఉమ్మేశారట. వార్డెన్ పిల్లలందరి ముందు మావాణ్ణి చెంపమీద కొట్టాడట. మావాడు రొట్టెలన్నీ బస్తాలో వేసుకుని మధ్యాహ్నం వచ్చాడు. అల్లుణ్ణి కాళ్ళతో తన్ని కింద పడేశాడు. ఒక్కో రొట్టె తీసి నోట్లో కుక్కాడు. "తిను బావా, ఉప్పు సరిపోయిందా?" అంటూ, మింగకపోతే పిడికిలితో దవడ మీద. పన్ను ఊడింది. అమ్మాయి మధ్యలోకి వచ్చింది. అమ్మాయి పిండి తొట్టిలోకి తూలింది. అల్లుడు పాక్కుంటూ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు. గొడవ ఆగిపోయింది.

తర్వాత మావాడి కుడిచేయి మిక్సరులో పడింది. మూడు వేళ్ళు తీసేశారు. మిగతావి ఉంటాయో లేదో చెప్పలేమన్నారు.

ఆ టైములో నేను త్రాసు వైపు చూస్తున్నాను. ఏమీ వినలేదు.

జూన్ 26

ఏమీ వినలేదని రాశాను. "చెయ్యి" అని వాడు అనడం విన్నాను. అంతే.

పోలీసులు వచ్చి అల్లుణ్ణి తీసుకెళ్ళారు. వీధిలో ఎవరిని అడిగినా బావాబావమరదుల గొడవలే కథలుగా చెప్తారు. పోలీసులకు ఎక్కువ కష్టపడే పని లేకపోయింది.

జూన్ 27, గురువారం

"చూశాను" అని కూడా ఎవరో అన్నారు.

జూన్ 28, శుక్రవారం

అల్లుడు తానే నొక్కానని ఒప్పుకున్నాడట. అయితే ఇంకేం. చేసినవాడే ఒప్పుకున్నాక మధ్యలో మనం ఎవరం. వాడు మనింటివాడు కాదు, మనింటికి వచ్చినవాడు.

ఆసుపత్రికి వెళ్ళాను. మావాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేతికి దిండంత కట్టు.

"నాన్నా, నిన్ను అడుగుతారు. బావేనని చెప్పు."

"నువ్వు చూశావా?"

"స్తంభం అడ్డం కదా, ఎలా చూస్తాను?"

"మరి గొంతు?"

"గొంతు ఎవరిదైతే నీకెందుకు? అక్క వెళ్ళిపోతే నీకు అన్నం ఎవరు పెడతారు, నేనా, ఈ చేత్తోనా? బావ పోతే పీడ పోతుంది. ముసలాడివి, ఒక్క మాట చెప్పలేవా?"

వాడికి తెలుసు.

నాకూ తెలుసు. రాసేస్తాను, ఇది చదివేది నేనొక్కణ్ణే కదా. అమ్మాయి పిండి తొట్టిలోకి తూలలేదు. వాడు దాని జుట్టు పట్టుకుని ముఖం తొట్టిలో పెట్టాడు. వీపు మీద మోచేయి ఆనించి నొక్కాడు. "చూడు అక్కా, నొక్కితే ఎంత పడుతుందో, నీ మొగుడికి చెప్పు" అన్నాడు. దాని కాళ్ళు నేలమీద కొట్టుకున్నాయి. నేను స్టూలు మీంచి "ఒరేయ్, చాల్లేరా" అన్నాను. చాల్లేరా అన్నాను, అంతకంటే పెద్ద మాట నాకు దొరకలేదు. వాడు వదిలాక అది తొట్టి అంచు పట్టుకుని దగ్గింది. ముక్కులోంచి, నోట్లోంచి పిండి ముద్దలు పడ్డాయి. వాడు వెళ్ళి మిక్సరు దగ్గర చొక్కా చేయి మడుచుకున్నాడు, ఏమీ జరగనట్టు. "చెయ్యి" అన్నాడు.

అల్లుడు పెరట్లో కుళాయి కింద నోరు కడుక్కుంటున్నాడు. ఆ నీళ్ళ చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

అమ్మాయి స్తంభం దగ్గరికి నడిచింది. కనురెప్పల మీద కూడా పిండే. "చూశాను" అంది. నిదానంగా, స్పష్టంగా, రోజూ అన్నట్టే అంది. వాడి చేయి లోపలికి వెళ్ళేదాకా ఆగింది. నొక్కింది.

వాడి కేక కంటే ముందు వచ్చిన చప్పుడు గురించి రాయను.

జూన్ 29

కూర వండలేదు. అమ్మాయి పొద్దుట్నుంచి ఇంట్లో లేదు.

జూన్ 30, ఆదివారం

అమ్మాయి స్టేషనుకు వెళ్ళి తనే చేశానని చెప్పిందట. అక్కడి పెద్దాయన నవ్వి, "మొగుడి కోసం ఏ పెళ్ళామైనా ఇదే చెప్తుందమ్మా, ఇంటికి వెళ్ళి అన్నం తిను" అన్నాడట. ఒప్పుకున్నవాడు ఒకడు చేతిలో ఉండగా రెండోవాళ్ళు ఎందుకు వాళ్ళకు?

వచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఆయన్ని కొడుతున్నారు నాన్నా. ఎందుకు కొడుతున్నారో తెలుసా? సుత్తి ఎక్కడ, ట్రే ఎక్కడ, ముందే అనుకుని చేశావా అని. ఒప్పుకున్నాక కూడా కొడుతున్నారు. ఒక కన్ను తెరుచుకోవట్లేదు."

"మంచి ప్లీడరును పెడదాం."

"నువ్వు అక్కడే ఉన్నావు. నువ్వు చెప్తే నమ్ముతారు."

"ఏం చెప్పను?"

"చూసింది చెప్పు."

"నువ్వు కోపంలో, ఒళ్ళు తెలియక..."

"ఒళ్ళు తెలిసే చేశాను. చేయి లోపలుందని తెలిసే చూశానన్నాను. నా తరఫున సర్దిచెప్పకు నాన్నా. వాడి తరఫున సర్దిచెప్పీ సర్దిచెప్పీ ఇంతదాకా తెచ్చావు."

కన్న కూతురు మీద తండ్రి సాక్ష్యం చెప్పడం ఎక్కడైనా ఉందా అన్నాను. లోకం ఉమ్మేస్తుందన్నాను. పొట్లం కాగితంలో ఎప్పుడో చదివిన న్యాయాధిపతి కథ ఒకటి మొదలుపెట్టాను. అది మధ్యలోనే లేచింది.

"తలుపు తగిలిందని నర్సమ్మతో చెప్పావు చూడు, అప్పుడు నీకు నోరు బాగానే వచ్చింది" అంది.

లోపలికి వెళ్ళి తన బట్టలు రెండు జతలు సంచిలో పెట్టుకుంది. నేను చెప్తానని అనలేదు. అయినా పెట్టుకుంది.

జూలై 1

వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

జూలై 2, మంగళవారం

వెళ్ళాను.

అమ్మాయి ముందు నడిచింది, నేను వెనక. స్టేషన్లో పెద్దాయన కుర్చీ వేయించాడు. నేను మొదట్నుంచి మొదలుపెట్టాను, మగ్గు, నీళ్ళు, మూడొందలు. పిండిలో గాలి ఉంటుందని చెప్తుండగా ఆయన బల్లమీద లాఠీ కొట్టాడు.

"తాతా, రొట్టెలు నేర్చుకోవడానికి కాదు కూర్చుంది. స్విచ్చు ఎవరు నొక్కారు?"

అప్పుడు లాకప్ వైపు చూశాను. అల్లుడు గోడకు ఆని కూర్చుని ఉన్నాడు. ముఖం రెండు వైపులా రెండు రకాలుగా ఉబ్బింది. కాలిన చేతి కట్టు ఊడి నల్లగా వేలాడుతోంది. తెరుచుకున్న ఒక్క కన్నుతో నావైపు చూసి, వద్దన్నట్టు తల ఆడించాడు. మామయ్యా, వద్దు, అని.

వాడు మనింటివాడు కాదు అని రాసుకున్నది గుర్తొచ్చింది. ఈ ఇంట్లో ఇంతకాలంలో నాకోసం గానీ, నావాళ్ళ కోసం గానీ ఎవరైనా ఏమైనా మోశారంటే అది వాడే.

"నా కూతురు" అన్నాను.

"గట్టిగా చెప్పు."

"మా అమ్మాయి నొక్కింది. వాడి చేయి లోపలుందని తెలిసే నొక్కింది. అల్లుడు పెరట్లో ఉన్నాడు. కుళాయి చప్పుడు నేను విన్నాను. అంతకుముందు మావాడు దాని ముఖం పిండిలో పెట్టి ఊపిరాడకుండా నొక్కాడు. అదీ చూశాను. కూర్చుని చూశాను. ఇది కూడా రాసుకోండి."

అల్లుడు ఒక్క ఉదుటున లేచి తలను ఊచలకేసి కొట్టుకున్నాడు. "అబద్ధం సార్. ముసలాడికి చూపు ఆనదు, చెవులు వినపడవు. అబద్ధం." మళ్ళీ కొట్టుకున్నాడు. కనుబొమ్మ మీద మానిన కుట్లు విచ్చుకున్నాయి. ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టుకోవాల్సి వచ్చింది.

అమ్మాయి బెంచీ మీద కూర్చుంది. చాలా దూరం నడిచి వచ్చి కూర్చున్నట్టు కూర్చుంది. మంచినీళ్ళు అడిగింది. తాగి, గ్లాసు నాకు అందించింది.

"ఇంటికి ఎలా వెళ్తావు నాన్నా? ఆటో మాట్లాడుకో. నడవకు."

జూలై 5

మావాణ్ణి ఆసుపత్రి నుంచి పంపించారు. వాకిట్లో అడుగుపెట్టగానే ఎడమచేత్తో నా ఛాతీ మీద తోశాడు. గోడకు తల తగిలింది. ఇది పని దెబ్బ కాదు, తలుపు కాదు. మావాడు కొట్టాడు.

జూలై 8, సోమవారం

అల్లుణ్ణి వదిలారు.

వీధి మలుపులో కనపడ్డాడు. మావాడు ఓవెన్ దగ్గరున్నాడు. ఓవెన్ గదిలో కత్తులున్నాయి, కర్రలున్నాయి, సుత్తి ఉంది. పోట్లాట మొదలైతే ఈసారి స్టూలు మీంచి మాట్లాడకూడదనుకున్నాను. లేచి, గోడ పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఇద్దరిలో ఎవరు ఎవరి మీద పడినా మధ్యలో నా ఒళ్ళు ఉంటుంది. చస్తే చచ్చాను.

అల్లుడు నన్ను పక్కకు జరిపి లోపలికి వెళ్ళాడు. ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడికి కన్ను సరిగా లేదు, ఒకడికి వేళ్ళు లేవు.

"లాయరు ఏమన్నాడు?" అన్నాడు మావాడు.

"మీ అక్కను పిండిలో అదిమిపెట్టింది నువ్వు ఒప్పుకుంటే తనకు శిక్ష తగ్గుతుందట."

మావాడు ఓవెన్ తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు. అల్లుడి పిడికిలి బిగుసుకోవడం నేను చూశాను, మావాడి దవడ బిగుసుకోవడం చూశాను. గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాను.

"ఒప్పుకుంటాను" అన్నాడు మావాడు.

అల్లుడి పిడికిలి వదులవలేదు. అలాగే నిలబడ్డాడు. తర్వాత ఏమనుకున్నాడో, పిండి బస్తా మూతి విప్పడానికన్నట్టు వంగాడు.

జూలై 10, బుధవారం

ఇవాళ రొట్టెలు చేశారు. మావాడికి ఎడమచేయి ఇంకా లొంగలేదు, సగం పిండి నేల పాలైంది. అల్లుడు ఊడ్చాడు. బూతులు తిట్టుకుంటూనే చేశారు. మధ్యలో ఒకసారి అల్లుడు వాణ్ణి గోడకేసి తోశాడు, మావాడు వాడి ముఖాన ఉమ్మాడు, మళ్ళీ పనిలో పడ్డారు.

రేపు ముగ్గురం జైల్లో ఉన్న అమ్మాయిని చూడటానికి వెళ్ళాలి. ఆ మాట కదుపుదామని, "పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరదాం?" అన్నాను.

జవాబు లేదు. వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను. మావాడు అల్లుడి వైపు చూశాడు, అల్లుడు మావాడి వైపు చూశాడు, ఇద్దరూ తలలు వంచుకుని ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు.

వీళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావాలని ఎంత తాపత్రయపడ్డానో. వచ్చారు. నాతో మాట్లాడకూడదని.